దిగిరాని స్లైడు

ఎక్సలేటర్ తిప్పితే బండి లేచింది. చెయ్యి వదిలితే మాత్రం రేస్ తగ్గలేదు. ముందు లారీ ఉంది, పక్కన డివైడర్ ఉంది, ఇంజను ఇంకా లాగుతూనే ఉంది. కార్బరేటర్ బండి మీద ఎదురయ్యే ఆపదల్లో ఇది చిన్నదేమీ కాదు. అందుకే మరమ్మతు సంగతి కంటే ముందు ప్రాణం సంగతి చెప్పుకోవాలి. ఆ క్షణంలో ఎక్సలేటర్‌తో కుస్తీ పట్టొద్దు. క్లచ్ పూర్తిగా పట్టండి. ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. వెంటనే కిల్ స్విచ్ నొక్కండి. అది లేని పాత బండి అయితే తాళం ఆఫ్ చేయండి, హ్యాండిల్ లాక్ పడేదాకా మాత్రం తిప్పొద్దు. ఆ తరువాత నిదానంగా బ్రేకు వేస్తూ ఎడమ అంచుకు చేరండి.

బండిని షెడ్డుకు తీసుకెళ్ళాక చాలాచోట్ల జరిగేవి మూడు పనులు. కార్బరేటర్‌లో స్లైడును కిందికి దించే స్ప్రింగును కాస్త సాగదీసి మళ్ళీ బిగిస్తారు. లేదా స్లైడుకు ఎమెరీ పేపర్ కొడతారు. లేదా రెండు చుక్కలు ఆయిలు వేస్తారు. మూడూ కొన్నాళ్ళు పనిచేస్తాయి, తరువాత మూడూ కీడే చేస్తాయి. ఎందుకంటే స్లైడు పట్టేసిందంటే దాన్ని కిందికి తోసే బలం చాలడం లేదని కాదు, ఎక్కడో అడ్డు పెరిగిందని అర్థం. బలం పెంచడం సులువు. అడ్డు ఎక్కడుందో వెతికి తీయడమే మరమ్మతు. దానికి కావలసింది పెద్ద పనిముట్లు కాదు, స్లైడు మీద ఏ బలం ఎటు పనిచేస్తుందో తెలిసి ఉండటం.

గాలికి గేటు, పెట్రోలుకు కొలత

పెట్రోలు దానంతట అదే మండదు, గాలితో తగిన పాళ్ళలో కలవాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్కను ఘనపరిమాణంలోకి మారిస్తే అసలు విషయం తెలుస్తుంది: ఒక్క లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 9,000 లీటర్ల గాలి ఇంజనులోకి పోవాలి. అదంతా కార్బరేటర్ గొంతులోంచే, స్లైడును రాసుకుంటూనే పోవాలి.

గాలి ఇరుకు దారిలో వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినచోట దాని పీడనం పడిపోతుంది. ఈ సూత్రానికి పునాది 1738లో డేనియల్ బెర్నౌలీ ప్రచురించిన 'హైడ్రోడైనమికా'లో ఉంది. 1797లో ఇటలీ శాస్త్రవేత్త వెంచురి ఇరుకు గొట్టాల్లో ప్రవాహాల గురించి రాశాడు. కార్బరేటర్ గొంతును ఇప్పటికీ ఆయన పేరుతోనే వెంచురి అంటాం. గొంతులో పీడనం తగ్గినప్పుడు కింద గిన్నెలో ఉన్న పెట్రోలు మీద బయటి గాలి పీడనం మామూలుగానే ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును జెట్టులోంచి పైకి తోస్తుంది. ఇంజను పెట్రోలును పీలుస్తుందని మనం అంటాం కానీ, నిజానికి తోసేది వాతావరణమే.

ఆ గొంతు ఎంత ఇరుకుగా ఉండాలో తేల్చేది స్లైడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350కి ఏళ్ళ తరబడి వచ్చిన మిక్‌కార్బ్ వీఎం24 కార్బరేటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పేరులోని 24 గొంతు వ్యాసం, మిల్లీమీటర్లలో. నిలువుగా ఉన్న గుండ్రటి బోరులో స్లైడు పైకీ కిందికీ కదులుతుంది. ఎక్సలేటర్ తిప్పితే కేబుల్ దాన్ని పైకి లాగుతుంది, వదిలితే స్ప్రింగు కిందికి దించుతుంది. స్లైడు మధ్యలోంచి వేలాడే నీడిల్ కింద జెట్టులోకి దిగి ఉంటుంది. స్లైడు లేచేకొద్దీ గాలికి దారి పెరుగుతుంది, మొన తేలిన నీడిల్ కూడా లేచి పెట్రోలుకు దారి పెంచుతుంది. గేటు కాస్త తెరిచినప్పుడు స్లైడు అడుగున ఉన్న ఏటవాలు కోత, అంటే కట్‌అవే, మిశ్రమాన్ని శాసిస్తుంది. మధ్యలో నీడిల్, ముప్పావు దాటాక మెయిన్ జెట్టు ఆ పని చేస్తాయి.

స్లైడుకూ బోరుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో నూరో వంతులతో లెక్కపెట్టేంత సన్నం. సందు తక్కువైతే స్లైడు పట్టేస్తుంది. ఎక్కువైతే పక్కల నుంచి దొంగగాలి దూరుతుంది. స్లైడు చుట్టుకొలత దాదాపు 75 మి.మీ. కనుక చుట్టూ 0.05 మి.మీ. అదనంగా అరిగినా దాదాపు 4 చదరపు మిల్లీమీటర్ల కొత్త దారి తెరుచుకున్నట్టే. ఐడిల్‌లో స్లైడు కింద ఉండే దారే చాలా చిన్నది కనుక ఇంత లీకు కూడా ఐడ్లింగును చెడగొడుతుంది. స్లైడుకు అజాగ్రత్తగా ఎమెరీ పేపర్ కొడితే జరిగేది ఇదే.

మూయాల్సిన వేళే పట్టేసే బలం

షెడ్డులో తరచూ వినిపించే చిక్కు ఒకటుంది. ఇంజను ఆపి ఎక్సలేటర్ తిప్పి వదిలితే స్లైడు చక్కగా దిగుతుంది. బండి నడుస్తుంటే మాత్రం పట్టేస్తుంది. దీని వెనక ఉన్నది వట్టి పీడనం లెక్క.

ఇంజను గాలిని పీల్చినప్పుడు స్లైడుకు ఇంజను వైపు పీడనం పడిపోతుంది, ఎయిర్‌ఫిల్టరు వైపు వాతావరణ పీడనం అలాగే ఉంటుంది. ఆ తేడా స్లైడును అడ్డంగా ఇంజను వైపు గోడకు అదుముతుంది. 24 మి.మీ. గొంతు వైశాల్యం సుమారు 4.5 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువంత. తేడా అందులో సగమే అనుకున్నా స్లైడు మీద రెండు కిలోలకు పైగా బరువు అడ్డంగా పడినట్టు. రాపిడి అందులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉన్నా, అర కిలో అటూఇటూ బలం స్లైడును దిగనివ్వకుండా ఆపుతుంది. స్ప్రింగు దాన్ని గెలవాలి.

ఈ అదుముడు ఎప్పుడు ఎక్కువ? వేగంగా తిరుగుతున్న ఇంజనుకు గాలి దారి దాదాపు మూసేసినప్పుడు. అంటే మనం చెయ్యి వదిలి స్లైడు దిగిరావాలని కోరుకునే క్షణంలోనే దాన్ని గోడకు బిగించే బలం గరిష్ఠంగా ఉంటుంది. ఒక్క సిలిండరు ఇంజనులో మనకు కలిసొచ్చేదేమిటంటే, ఈ బలం తెరపి లేకుండా ఉండదు. నాలుగు స్ట్రోకుల్లో పీల్పు ఒక్కటే. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు సుమారు 33 సార్లు పీలుస్తుంది. ఆ పీల్పుల మధ్య దొరికే తెరపిలో స్లైడు కిందికి జారుతుంది. గోడ నున్నగా ఉంటే ఆ తెరపి చాలు. గోడ మీద జిగురో గీతో ఉంటే చాలదు.

ఇలా పీల్పు పీల్పుకూ గోడకు అదుముకున్న స్లైడును బయటికి తీసి వెలుగులో తిప్పి చూస్తే అది పడ్డ కష్టమంతా దాని ఒంటిమీదే కనిపిస్తుంది. ఇంజను వైపు ముఖం మీద నిలువుగా మెరిసే పట్టీ ఉంటుంది. రాపిడి అక్కడే జరిగింది. పక్కల్లో పసుపు కలిసిన గోధుమరంగు పొర ఉంటే అది పెట్రోలు జిగురు. గోరుకు తగిలే సన్నని నిలువు గీతలుంటే దుమ్ము లోపలికి వచ్చిందని అర్థం. మెరుపు ఒక పక్క పైఅంచునా, ఎదురుపక్క కింది అంచునా మాత్రమే ఉంటే స్లైడు వంకరగా కదులుతోందన్నమాట. కాబట్టి తుడవక ముందే చూడాలి. ముందు తుడిచేస్తే కారణం కూడా గుడ్డకే పోతుంది.

కేబులా, కార్బరేటరా

మొదట తేల్చాల్సింది ఇది. చాలాసార్లు నేరం స్లైడుది కాదు.

ఇంజను ఆపి ఉన్నప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి చప్పున వదలండి. ఆరోగ్యంగా ఉన్న స్లైడు 'టక్'మని చప్పుడు చేస్తూ అడుగుకు చేరుతుంది. చప్పుడు మెత్తగా వచ్చినా, రాకపోయినా ఎక్కడో అడ్డు ఉంది. ఇదే పరీక్షను హ్యాండిల్ నేరుగా ఉంచి, పూర్తిగా ఎడమకు తిప్పి, పూర్తిగా కుడికి తిప్పి చేయండి. ఒక పక్కన మాత్రమే బిగుసుకుంటే కేబుల్ దారి సరిగ్గా లేదు: ట్యాంకు కిందో, హెడ్‌లైటు వెనకో నలుగుతోంది. కేబుల్‌కు రెండు మూడు మిల్లీమీటర్ల ఆట కూడా ఉండాలి.

తరువాత పెట్రోలు కాక్ మూసి, కార్బరేటర్ పైమూత విప్పి, స్లైడును కేబుల్‌తో సహా పైకి తీయండి. స్ప్రింగును పైకి నొక్కిపట్టి కేబుల్ కొసను స్లైడు గాడిలోంచి తప్పించండి. ఇప్పుడు వట్టి కేబుల్‌ను లాగి చూడండి. గరగరలాడితే లోపలి తీగ తుప్పు పట్టింది లేదా పోగులు తెగాయి. దానికి మందు కొత్త కేబులే. హ్యాండిల్ గ్రిప్పును కూడా వేలితో తిప్పండి. కొత్తగా వేసిన రబ్బరు గ్రిప్పు అంచు రాసుకుంటున్నా రేస్ తిరిగి రాదు.

కేబుల్ నిర్దోషి అని తేలితే స్లైడును స్ప్రింగు లేకుండా, నీడిల్ కూడా తీసేసి, పొడి బోరులో వదిలి చూడండి. తన బరువుతోనే జారి అడుగు తాకాలి. ఒకచోట ఆగిందంటే అడ్డు బోరులోనో స్లైడు మీదో ఉంది. హాయిగా జారి, నీడిల్ పెట్టాక ఆగిందంటే నీడిల్ వంగింది. గాజుపలక మీద దొర్లిస్తే వంగిన నీడిల్ మొన ఎగిరెగిరి పడుతుంది. దాన్ని సరిచేయాలని చూడకుండా మార్చేయాలి. ఒక్కో వస్తువునూ వేరుచేసి చూసే ఈ క్రమం వల్ల సగం మరమ్మతు విప్పడంలోనే అయిపోతుంది.

అడ్డు పుట్టే చోట్లు

అన్నిటికన్నా మామూలు కారణం నిలవ పెట్రోలు. పెట్రోలు ఒకే పదార్థం కాదు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగేవాటి నుంచి 200 డిగ్రీల దాకా కావలసినవాటి వరకు ఎన్నో హైడ్రోకార్బన్ల కలయిక. నెలల తరబడి బండి కదలకుండా ఉంటే తేలికైనవి ఆవిరైపోతాయి. మిగిలినవాటిలో ద్విబంధాలున్న ఒలెఫిన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానితో ఒకటి అల్లుకుని జిగురు పొరగా మారతాయి. ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో దేశంలో ప్రవేశపెట్టారు. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, నీరు జింకును తింటుంది. చాలా కార్బరేటర్ల బాడీ జింకు మిశ్రమంతో పోతపోసిందే. బోరులో తెల్లటి పొడి కనిపిస్తే అది జింకు తుప్పు.

రెండోది దుమ్ము. మన రోడ్ల దుమ్ములో ఇసుక, అంటే క్వార్ట్జ్, కలిసి ఉంటుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ స్థానం 7, జింకు స్థానం రెండున్నర దగ్గర. చిరిగిన ఎయిర్‌ఫిల్టరుతో తిరిగే బండిలో ఆ వేల లీటర్ల గాలితో పాటు వచ్చే ప్రతి ఇసుక రేణువూ స్లైడును గీకగలదు. ఆయిలు చుక్క కీడు చేసేది కూడా ఇక్కడే: ఆయిలు దుమ్మును పట్టి ఉంచి సానపెట్టే ముద్దగా మారుస్తుంది. స్లైడు పొడిగానే జారాలి.

మూడోది అంతగా అనుమానం రానిది, అసలు మెకానిక్ నైపుణ్యం బయటపడేది: అతిగా బిగించిన ఫ్లాంజి. కార్బరేటర్‌ను ఇంజనుకు పట్టి ఉంచేవి రెండు చివర్లా రెండు నట్లు. మధ్యలో ఓ రింగో ప్యాకింగో ఉంటుంది. గాలి లీకవుతోందని నట్లను బలంగా బిగిస్తే, మధ్యలో ఆనుకున్న ఫ్లాంజి చివర్లలో వంగుతుంది. ఆ వంపు బాడీలోకి పాకి గుండ్రటి బోరు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ఎంతో తిరగనక్కర్లేదు, ఆ సన్నని సందు తినేసేంత చాలు. 1927లో మూడు బ్రిటిష్ సంస్థల కలయికతో పుట్టిన ఆమాల్ కంపెనీ కార్బరేటర్లలో, ముఖ్యంగా కాన్‌సెంట్రిక్ మోడల్‌లో, ఈ జబ్బు పేరుమోసింది.

దీన్ని పట్టుకోవడం సులువు. స్లైడు పట్టేసిన స్థితిలోనే రెండు నట్లనూ అరచుట్టు వదులు చేయండి. స్లైడు టక్కున జారిందా, నేరస్తుడు దొరికినట్టే. కార్బరేటర్ విప్పి, ఫ్లాంజి ముఖం మీద స్టీలు స్కేలు అంచు ఆనించి వెలుగుకు ఎదురుగా పట్టండి. స్కేలు కింద వెలుగు గీత కనిపిస్తే ఫ్లాంజి వంగింది. గాజుపలక మీద సన్నని వాటర్ పేపర్ పరిచి, ఫ్లాంజిని ఒత్తిడి లేకుండా గుండ్రంగా రుద్దుతూ సమం చేయాలి. ఓ రింగు గాడి లోతు తగ్గిపోకుండా అవసరమైనంతే రుద్దాలి. కొత్త రింగు వేసి, నట్లను కొంచెం ఇది, కొంచెం అది అంటూ మార్చి మార్చి బిగించాలి. అక్కడ కావలసింది గాలి ఆగేంత బిగువే.

నాలుగోది అమరికలో పొరపాటు. బోరులో చిన్న పిన్ను ఉంటుంది, స్లైడు మీద పొడవాటి గాడి ఉంటుంది. గాడి పిన్ను మీదే కూర్చోవాలి, కట్‌అవే ఎయిర్‌ఫిల్టరు వైపు ఉండాలి. తిప్పి పెడితే స్లైడు పూర్తిగా దిగదు, స్టార్ట్ చేయగానే ఇంజను అరుస్తుంది. కేబుల్ స్లైడు నడిమిలో కాకుండా పక్కకు లాగినా ఇబ్బందే. బీరువా సొరుగును ఒక మూల పట్టుకుని లాగితే ఎలా బిగుసుకుంటుందో, స్లైడూ అలాగే ఒరిగి రెండు అంచుల మీద గోడను పట్టుకుంటుంది. కేబుల్ పైమూతలోకి వచ్చే మలుపు బాగా పదునుగా ఉన్నప్పుడు జరిగేది ఇదే.

ఇక చలి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే కారణం మంచు. పెట్రోలు ఆవిరి కావడానికి వేడి కావాలి. కిలోకు సుమారు 350 కిలోజౌళ్ళు. ఆ వేడిని వెంట వచ్చే 14.7 కిలోల గాలి నుంచే లాక్కుంటే, పెట్రోలు పూర్తిగా ఆవిరైన పక్షంలో గాలి 20 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున పొగమంచు కమ్మిన లంబసింగి ఘాట్ రోడ్డు మీద ఆ లెక్క సున్నాకు దిగువకు పోతుంది. గాలిలోని తేమ స్లైడు దగ్గర మంచుగా పేరుకోవచ్చు. బండి ఆపితే ఇంజను వేడికి మంచు కరిగిపోతుంది. కాసేపాగి చూస్తే మాయమయ్యే జబ్బును అలాంటి చోట ఇలా అనుమానించాలి.

శుభ్రం చేసే పద్ధతి

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, నేల మీద పాకుతుంది. సున్నాకు దిగువన 40 డిగ్రీల దగ్గర కూడా అది అంటుకోగలదు. కాబట్టి ఈ పని ఆరుబయట, చల్లారిన ఇంజను మీద, చుట్టుపక్కల బీడీ సిగరెట్లు లేకుండా చేయాలి.

జిగురుకు కార్బరేటర్ క్లీనర్ స్ప్రే, మెత్తని నైలాన్ బ్రష్షు, నూలు పోగులు రాలని గుడ్డ చాలు. మూలల్లోకి పంటిపుల్ల వాడవచ్చు. ఇత్తడి సామాను చింతపండుతో తోమి మెరిపించే అలవాటు మనకుంది. కార్బరేటర్ దగ్గర ఆ పని చేయొద్దు. చింతపండు, నిమ్మరసం, బాత్‌రూమ్ యాసిడ్ అన్నీ జింకును కరిగించేవే. మురికి పోతుంది, దానితో పాటు సందును కాపాడే లోహమూ పోతుంది.

గోరుకు తగిలే గరుకు ఏదైనా స్లైడు మీద మిగిలితే, ఆ గరుకును మాత్రమే 1500 నంబరు వాటర్ పేపర్‌తో కిరోసిన్ తడిలో తాకించాలి. గీత లోతును చెరిపేయాలని చూడొద్దు. లోపలికున్న గీత హాని చేయదు, పైకి లేచిన అంచే చేస్తుంది. బోరు జోలికి అసలు పోవద్దు. ఐడిల్ స్క్రూ మొన కూడా చూడండి. దాన్ని అతిగా బిగించి ఉంటే స్లైడు అడుగున చిన్న గుంట పడి, దాని అంచు పైకి లేచి ఉంటుంది.

ఐడిల్‌లో కార్బరేటర్ నుంచి టకటకమని చప్పుడు వస్తూ, స్లైడు బోరులో అటూఇటూ ఊగుతుంటే అది బాగా అరిగిపోయింది. అలాంటిదాన్ని శుభ్రం చేసి లాభం లేదు. కొత్త స్లైడు వేసి చూడాలి. బోరు కూడా అరిగితే కార్బరేటర్‌నే మార్చాలి.

కేబుల్ తగలని స్లైడు

పల్సర్, థండర్‌బర్డ్ లాంటి బండ్లకు వచ్చిన కార్బరేటర్లలో స్లైడు ఉంటుంది కానీ కేబుల్ దాన్ని తాకదు. కేబుల్ తిప్పేది బటర్‌ఫ్లై రేకును. స్లైడును లేపేది పీడనమే: స్లైడు తలకు పలుచని రబ్బరు డయాఫ్రం ఉంటుంది, దాని పైగదిలో పీడనం తగ్గితే కింది వాతావరణ పీడనం దాన్ని పైకి తోస్తుంది. ఈ ఆలోచన పాతదే. బ్రిటన్‌లో బూట్ల వ్యాపార కుటుంబానికి చెందిన స్కిన్నర్ సోదరులు 1900ల తొలి దశకంలోనే దీన్ని తయారుచేశారు. రబ్బరు డయాఫ్రం స్థానంలో వాళ్ళు వాడింది తోలు.

ఇక్కడ స్లైడు పట్టేస్తే బండి అరవదు, బటర్‌ఫ్లై మూసుకుంటుంది కనుక. పికప్ పోతుంది, లేదా ఒక వేగం దాటి లేవదు. ఎయిర్‌ఫిల్టరు గొట్టం తప్పించి స్లైడును వేలితో పైకెత్తి వదిలితే, ఆగకుండా నిదానంగా దిగిరావాలి. దిగకపోతే జిగురు. ఎత్తడానికి ఏమీ అడ్డు లేకుండా దభీమని పడిపోతే డయాఫ్రం చిరిగి ఉండవచ్చు. వెలుగుకు పట్టి సూదిమొనంత రంధ్రం కోసం వెతకండి. క్లీనర్ స్ప్రే ఆ రబ్బరు మీద పడనివ్వద్దు, ఉబ్బి పనికిరాకుండా పోతుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బరేటర్ స్థానాన్ని ఫ్యూయెల్ ఇంజెక్షన్ దాదాపుగా ఆక్రమించింది. అయినా అంతకు ముందు అమ్ముడైన బండ్లు మన ఊళ్ళలో పాలక్యాన్లు మోస్తూ, పిల్లల్ని బడికి దింపుతూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీద కూర్చునేవాళ్ళ ప్రాణం ఈ చిన్న లోహపు ముక్క సరిగ్గా దిగడం మీద ఆధారపడి ఉంది.

కాబట్టి అన్నీ బిగించాక చివరి పరీక్ష తప్పకుండా చేయాలి. ముందు ఇంజను ఆపి, హ్యాండిల్ మూడు స్థితుల్లోనూ 'టక్' చప్పుడు వినాలి. తరువాత బండిని సెంటర్ స్టాండు మీద న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఒక వేలు కిల్ స్విచ్ మీద ఉంచి, రేస్ ఇచ్చి వదలాలి. ఇంజను బాగా వేడెక్కాక మళ్ళీ చేయాలి. పీడనం అదుముతున్నప్పుడు, లోహం వేడిగా ఉన్నప్పుడు కూడా స్లైడు తడబడకుండా దిగితేనే మరమ్మతు పూర్తయినట్టు. ఒక్కసారి తడబడినా బండిని రోడ్డెక్కించొద్దు. మళ్ళీ విప్పి, కేబుల్ దగ్గర నుంచి వెతుకులాట మొదలుపెట్టండి.